మోచేతి కింద రెండు వేళ్ళు

"ఇది మీ రిపేరు బల్ల కాదు" అంటూ ఆ అమ్మాయి వెదురు స్కేలుతో నా కుడి మోచేతి మీద ఒక్కటి వేసింది.

దెబ్బ పెద్దదేమీ కాదు. కానీ ఉలిక్కిపడ్డాను. కుంచె జారి తెల్ల కాగితం మీద రేగుపండంత మచ్చ పడింది.

"నాది రిపేరు పని అని మీకెలా తెలుసు?" అన్నాను.

"కుడికంటి చుట్టూ గుండ్రంగా అచ్చు పడి ఉంది. వాచీలవాళ్ళు పెట్టుకునే భూతద్దం అచ్చు. మోచేతులు చూస్తే బల్లకి మేకులు కొట్టి బిగించినట్టున్నాయి. ఇంకేం తెలియాలి?"

పక్క కుర్చీలో పెంగ్ అత్తయ్య కిసుక్కున నవ్వింది. ముప్ఫయ్యేళ్ళు సిటీ బస్సులో కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. టిక్కెట్టు లేకుండా ఎక్కినవాణ్ణి మొహం చూసి పట్టేయగలదు.

"టీచరమ్మా, వీడి పేరు ఛూ వెన్‌బో. ఎదురు సందులో వాచీల షాపు. ఇరవయ్యారేళ్ళకే మెడ పట్టేసి మందుల షాపు చుట్టూ తిరుగుతుంటే నేనే ఇక్కడికి లాక్కొచ్చాను. ఇంకో రెండు తగిలించండి, మెడ కూడా వదులుతుంది" అంది.

టీచరమ్మ నవ్వలేదు. నా కుర్చీ వెనక నిలబడి ఒక్కొక్కటే చెప్పింది.

"పాదాలు రెండూ నేలకి ఆనించండి. కుర్చీ కాళ్ళకి చుట్టకండి. బల్లకీ ఛాతీకీ మధ్య మీ పిడికిలి పట్టేంత చోటు ఉండాలి. వీపు నిటారు, భుజాలు వదులు. తల అంత వాల్చకండి, అక్షరం మీ చెవిలో రహస్యాలేమీ చెప్పదు."

తరవాత చూపుడు వేలు, మధ్య వేలు నా మోచేతి కింద పెట్టి నెమ్మదిగా పైకెత్తింది. "శరత్కాలం వచ్చేసరికి ఇది ఇక్కడ ఉండాలి. బల్లకి తగలకూడదు. గుర్తుంటుందా?"

గుర్తుండకేం. ఆ రెండు వేళ్ళు అక్కణ్ణించి తీసేశాక కూడా, మధ్యాహ్నం అన్నం తింటున్నప్పుడు, సాయంత్రం షాపు మూసేటప్పుడు, ఇంకా అక్కడే ఉన్నట్టనిపించింది.

ఆమె పేరు రువాన్ లాన్. మా తున్‌షీ ఊళ్ళో, పాతవీధిలోని సిరా కొట్టు మేడ మీద బియాన్ మాస్టారి కుంచెరాత క్లాసు. ప్రతి ఆదివారం పొద్దున పన్నెండుమందిమి వెళ్ళేవాళ్ళం. మాస్టారికి డెబ్బై తొమ్మిదేళ్ళు, చెయ్యి వణుకుతుంది. ఆరేళ్ళ వయసు నుంచి ఆయన దగ్గరే నేర్చుకున్న లాన్ ఆయన ఎదురుగా మాకు నేర్పేది.

మాస్టారి పద్ధతి ఎప్పుడూ ఒకటే. వసంతంలో ఎడమచెయ్యి బల్ల మీద బోర్లా పెట్టి, దాని మీద కుడి మణికట్టు ఆనించి చిన్న అక్షరాలు రాయాలి. అంటే ఎడమచెయ్యి దిండన్నమాట. వేసవిలో దిండు తీసేస్తారు. మోచెయ్యి బల్లకే ఉంటుంది, మణికట్టు లేస్తుంది, అక్షరం కొంచెం పెద్దదవుతుంది. శరత్తులో మోచెయ్యి కూడా గాలిలోకే. భుజం నుంచి కుంచె కొస దాకా ఎక్కడా ఆధారం ఉండదు. ఆనుకోవడానికి ఏమీ లేనప్పుడే చెయ్యి నీదవుతుంది అనేవారు మాస్టారు.

ఇక్కడ ఒక సంగతి మీకు ముందే చెప్పెయ్యాలి. నాకు అప్పటికి తెలియదు. మా పంచాంగం ప్రకారం తొమ్మిదో నెల తొమ్మిదో రోజున, పెద్దల పండగ నాడు, క్లాసు ఎవరికి అప్పగించాలో మాస్టారు తేల్చేస్తానన్నారు. లాన్‌కి వస్తే ఊళ్ళోనే ఉంటుంది. రాకపోతే వూహూ పట్నంలో అక్క నడిపే కళ్ళద్దాల షాపులో పనికి వెళ్ళిపోవాలి. ఇంట్లో అలాగని మాటయిపోయింది. మాస్టారి పరీక్ష కూడా వేరే రకం. "ముందు వరసని చూసి టీచరుని మెచ్చుకోకూడదు. చివరి కుర్చీలో కూర్చున్నవాడికి ఏం వచ్చిందో చూడాలి" అనేవారు. ఈ సంగతి మాస్టారింట్లో వాళ్ళకీ లాన్‌కీ తప్ప ఎవరికీ తెలియదు. చివరి కుర్చీ నాది.

ఇక నేను చేసిన వెధవపని.

ప్లమ్ పళ్ళు పండేవేళ మా నది ఒడ్డున వాన మొదలైతే నెలరోజులు తెరిపి ఉండదు. షాపుకి గిరాకీ లేదు. మోచేతి కింద ఆ రెండు వేళ్ళే గుర్తొస్తుంటే షాపులో కూర్చుని వాన చూస్తూ రాశాను. రోజుకి అరవై కాగితాలు. వాన ఆగే లోపు నా మోచెయ్యి హాయిగా గాలిలో నిలబడటం నేర్చేసుకుంది. క్లాసుకంతటికీ నాకే ముందు వచ్చింది.

ఆదివారం ఉత్సాహంగా వెళ్ళాను. శరత్తుకి అలవాటు కావాలని లాన్ అప్పుడే అందరిచేతా మోచెయ్యి ఎత్తిస్తోంది. మోచెయ్యి ఎత్తి రాశాను. లాన్ వరస వెంట నడుచుకుంటూ వచ్చి నన్ను చూసింది, తలూపింది, పక్కకి వెళ్ళిపోయింది. పెంగ్ అత్తయ్య మోచేతి కింద రెండు వేళ్ళూ పెట్టింది.

నాకు ఒళ్ళు మండింది. ఆ తరవాతి ఆదివారం ఆమె దగ్గరికి రాగానే మోచెయ్యి దబ్బున బల్ల మీద పడేశాను.

"ఏమైంది? పోయినవారం బాగానే ఉందిగా."

"ఏమో టీచర్. నిలబడటం లేదు."

రెండు వేళ్ళు వచ్చాయి.

అంతే. ఆ రోజు నుంచి ప్రతి ఆదివారం అదే నాటకం. ఆమె రాకముందు గాలిలో, ఆమె వచ్చాక బల్ల మీద. పెంగ్ అత్తయ్య కళ్ళు కప్పడం ఎవరి తరం?

"ఒరేయ్ అబ్బాయ్" అంది ఒకరోజు రాతి మీద సిరా కడ్డీ నూరుతూ. "ఆ పిల్ల అటు వెళ్తే నీ చెయ్యి లేస్తుంది, ఇటు వస్తే పడిపోతుంది. ఇదేం జబ్బురా?"

"అత్తయ్యా, నెమ్మదిగా."

"మందు లేని జబ్బులా ఉందే" అని మళ్ళీ సిరా నూరుకుంది.

వేసవి చివర్లో ఒక ఆదివారం క్లాసు అయిపోయాక పెద్ద వాన. మెట్ల కింద నేనూ లాన్ మిగిలాం. నా దగ్గర గొడుగుంది. ఉందని చెప్పలేదు, సంచిలోకి ఇంకా లోపలికి తోశాను. చూరు నుంచి నీళ్ళు ధారగా పడుతున్నాయి. ఆమె జుట్టు చివర ఒక చుక్క ఆగింది. అది ఎప్పుడు పడుతుందా అని నేను చూస్తూ ఉన్నాను.

"రాత్రిళ్ళు మీ గురించే ఆలోచిస్తున్నాను" అంది హఠాత్తుగా.

గొడుగున్న సంచిని గట్టిగా పట్టుకున్నాను. "నా గురించా?"

"మీ మోచెయ్యి గురించి. ఎందుకు నిలబడటం లేదో అంతు పట్టడం లేదు. నేనెక్కడో తప్పు చెప్తున్నాను."

"మీ తప్పేం లేదు టీచర్. నాది మొద్దు చెయ్యి."

"మొద్దు చేతులుండవు వెన్‌బో గారూ. సరిగ్గా చెప్పలేనివాళ్ళుంటారు." ఆమె కళ్ళు వాన వైపు ఉన్నాయి. ఆ కళ్ళలో దిగులు నాకు కనిపించింది. నిజం చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది. చెప్తే ఆ వేళ్ళు ఇక రావు. వచ్చే ఆదివారం చెప్దాంలే అనుకున్నాను. ఆ వచ్చే ఆదివారం అనేది ఎప్పుడూ అలాగే ముందుకి జరుగుతూ పోయింది.

పండగ రోజు వచ్చింది. మేడ మీద చామంతి కుండీలు, బల్ల మీద పిండి కేకులు. మాస్టారు కర్ర పట్టుకుని వరసలన్నీ దాటుకుంటూ తిన్నగా చివరి కుర్చీ దగ్గరికి నడిచారు. అప్పుడే వంటింట్లోంచి పెంగ్ అత్తయ్య గాలిదుమారంలా వచ్చి నా చెవిలో ఊదింది.

"మాస్టారి భార్య ఇప్పుడే చెప్పింది. ఆ పిల్లకి క్లాసు వచ్చేదీ పోయేదీ నీ రాత మీద ఉందట. నీ దరిద్రపు జబ్బు ఈ ఒక్కరోజు ఆపుకో."

ఫరవాలేదు, నాకు వచ్చుగా అనుకున్నాను. పాదాలు నేలకి పెట్టాను. పిడికిలి చోటు వదిలాను. మోచెయ్యి ఎత్తాను. మొదటి అడ్డగీత చక్కగా వచ్చింది.

లాన్ వచ్చి ఎప్పటిలాగే నా కుడిపక్కన నిలబడింది.

మోచెయ్యి పడిపోయింది.

నేను పడెయ్యలేదు. దానంతట అదే పడింది. మళ్ళీ ఎత్తాను. ఆమె బట్టల సబ్బు వాసన తగిలినంత మాత్రాన మళ్ళీ పడింది. మూడోసారి ఎత్తేసరికి కుంచె కాగితమంతా పాకింది. ఆమె పక్కకి రాగానే వాలిపోవాలని ఇన్ని నెలలుగా నేనే దానికి నేర్పాను. పాఠం బాగానే ఒంటబట్టింది.

"మాస్టారూ, నాకు వచ్చు" అన్నాను లేచి నిలబడి. "షాపులో రోజూ రాస్తున్నాను. ఇక్కడే, కావాలని..."

"కావాలనా?" అంది లాన్.

తల వంచుకున్నాను.

"ఇన్నాళ్ళూ కావాలనేనా?" ఆమె గొంతు పెంచలేదు. పెంచినా బాగుండేది. "మీకోసం మాస్టారి పాత నోటుబుక్కులన్నీ తిరగేశాను. ఇంట్లో మా అమ్మని కూర్చోబెట్టి ఆమె మోచేతి కింద వేళ్ళు పెట్టి చూసుకున్నాను, ఎక్కడ పొరపాటు చేస్తున్నానో అని. నాకు నేర్పడం రాదేమో అని ఏడ్చాను కూడా."

వెదురు స్కేలు నా బల్ల మీద పెట్టి మెట్లు దిగి వెళ్ళిపోయింది. మాస్టారు చామంతి కుండీని కొంచెం పక్కకి జరిపి, "క్లాసు సంగతి కొత్త ఏడాది వచ్చాక చూద్దాం" అన్నారు. బుధవారం రైల్లో ఆమె వూహూ వెళ్ళింది.

చలికాలం అంటే ఏమిటో ఆ ఏడాదే తెలిసింది నాకు. మేడ మీద గదికి తాళం. ఆదివారం పొద్దున కాళ్ళు వాటంతటవే అక్కడికి వెళ్ళి, తాళం చూసి తిరిగొచ్చేవి. రోజూ ఒక అక్షరం రాసి ఫోటో తీసి ఆమెకి పంపేవాణ్ణి. కింద ఏమీ రాసేవాణ్ణి కాదు. రాయడానికి మొహం ఉండాలిగా. చూసినట్టు గుర్తు పడేది. జవాబు వచ్చేది కాదు. ఆ గుర్తు కోసమే తెల్లారేది నాకు.

పొద్దున్నే నది ఒడ్డున పెద్ద కుంచె నీళ్ళలో ముంచి రాతి పలకల మీద నిలబడి రాసేవాణ్ణి. ఒక వరస పూర్తయ్యేసరికి మొదటి అక్షరం ఆరిపోయేది. పెంగ్ అత్తయ్య శాలువా కప్పుకుని వచ్చి చూసేది.

"చెయ్యి బాగానే లేస్తోందిగా, ఇంకా ఏడుపెందుకు?"

"ఆమె లేదుగా అత్తయ్యా. లేకపోతే ఎప్పుడూ లేస్తుంది."

అత్తయ్య శాలువా సర్దుకుంది. "అయితే ఆమె లేనప్పుడు రాయడం నీకు వచ్చు. ఆమె ఉన్నప్పుడు రాయడం నేర్చుకో. నేను పక్కన నిలబడతాను, రువాన్ లాన్ననుకో."

"అది చాలా కష్టం అత్తయ్యా."

"నీ మొహం మండ" అంది కానీ కోప్పడలేదు.

షాపుకి వెళ్ళి నా కుడిపక్కన ఒక కుర్చీ వేశాను. దాని మీద ఆమె వదిలేసిన వెదురు స్కేలు పెట్టాను. ఆమె అక్కడ ఉందనుకున్నాను. ఖాళీ కుర్చీ పక్కన కూడా నా మోచెయ్యి వంగింది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఎత్తాను, పడింది, ఎత్తాను. పన్నెండో నెల వచ్చేసరికి ఆమెని కళ్ళనిండా తలుచుకుంటూ కూడా ఒక పేజీ పూర్తి చెయ్యగలిగాను. ఆమె మీద బెంగ ఏమాత్రం తగ్గలేదు. చెయ్యి మాత్రం దానికింద కుంగడం మానేసింది.

ఆ పేజీ పట్టుకుని మాస్టారింటికి వెళ్ళి తప్పు ఒప్పుకున్నాను. ఆయన పేజీని వెలుగుకి పెట్టి చాలాసేపు చూశారు.

"ఈ నెల ఇరవై నాలుగో తారీఖున వీధిలో ఇంటింటికీ గుమ్మం కాగితాలు రాసిస్తానని మాటిచ్చాను. ఈ చేతితో ఇక నావల్ల కాదు. నువ్వు రాయి. కాగితం లాగే మనిషి కావాలి. పండక్కి ఊరికి వస్తున్నవాళ్ళలో ఒకరికి కబురు పెడతాను."

ఎవరికని అడగలేదు. అడిగితే ఎక్కడ మనసు మార్చుకుంటారో అని భయం.

కొత్త ఏడాదికి గుమ్మాలకి అంటించే ఎర్ర కాగితాలు మనిషంత పొడుగుంటాయి. రాసేవాడు బల్లకి ఇటు నిలబడితే, ఎదురుగా ఒకరు నిలబడి అక్షరానికి అక్షరం కాగితాన్ని తమ వైపు లాక్కోవాలి. కుంచె లేచీ లేవగానే లాగాలి. ముందు లాగితే గీత చీరుకుపోతుంది, ఆలస్యమైతే రాసేవాడి ఊపిరి తప్పుతుంది.

సిరా కొట్టు ముందు బల్ల వేసి నేను సిరా కలుపుకుంటుంటే ఎదురుగా నీలం కోటు వచ్చి ఆగింది. లాన్. బాగా చిక్కిపోయింది. కాగితం కొస పట్టుకుంది.

"ఎప్పుడొచ్చారు?" అన్నాను.

"కాళ్ళు భుజాలంత ఎడంగా పెట్టండి" అంది.

వీధి అంతా వరస కట్టింది. కుంచె ముంచాను. ఆమె ఎదురుగా ఉంది, మూరెడు దూరంలో. ఆమె నా మొహం చూడటం లేదు, నా మోచేతినే చూస్తోంది. మోచెయ్యి బరువెక్కింది. నాకు ఆ బరువు ఇప్పుడు పరిచయమే. దాన్ని అలాగే ఉండనిచ్చి మొదటి అక్షరం రాశాను.

చెయ్యి గాలిలోనే ఉంది.

ఆమె కాగితం లాగింది. రెండో అక్షరం. లాగింది. మూడో కాగితానికల్లా నేను కుంచె ఎత్తబోతున్నానని నాకంటే ముందు ఆమెకి తెలిసిపోయేది.

"నా అక్షరాలు చూశారా? రోజూ పంపాను" అన్నాను నాలుగో ఇంటి కాగితం దగ్గర.

"చూశాను."

"జవాబు రాయలేదు."

"ఊపిరి బిగబట్టి మాట్లాడకండి. గీత సన్నబడుతోంది."

ఇంకో రెండు ఇళ్ళ తరవాత తనే అంది. "నలభై మూడో అక్షరం బాగుంది. అది రాసిన రోజు ఏం జరిగింది?"

"ఏమీ జరగలేదు. మీరు మరీ గుర్తొచ్చారు."

ఆమె కాగితం లాగడం ఒక్క క్షణం ఆలస్యం చేసింది. ఆ రోజు మొత్తమ్మీద అదొక్కటే ఆమె తప్పు.

"క్షమించండి. మిమ్మల్ని ఏడిపించాను" అన్నాను. "ఆ వేళ్ళ కోసం చేశాను. మీరంటే నాకు ఇష్టం. అప్పుడే అది చెప్పాల్సింది, మోచేతితో నాటకాలాడకుండా."

వరసలో ముందున్న కూరగాయల ముసలాయన, "బాబూ, నా కాగితం మీద ఇష్టం గిష్టం రాయకు, ధాన్యం గురించి రాయి" అన్నాడు. వీధంతా నవ్వింది. లాన్ చెవులు ఎర్రబడ్డాయి. పెదవి కొరుక్కుంది కానీ నవ్వు ఆగలేదు.

మధ్యాహ్నం దాటేసరికి వరస అయిపోయింది. బరువురాళ్ళు, ఇత్తడి గిన్నెలు అత్తయ్య లోపలికి సర్దేసింది. మాస్టారు కుర్చీలోంచి లేచి నా దగ్గరికొచ్చి భుజం మీద, మోచేతి మీద చెయ్యి వేసి చూశారు. తరవాత లాన్ వైపు తిరిగారు.

"చివరి కుర్చీవాడు పొద్దున్నుంచీ నిలబడి రాశాడు, నీ ఎదురుగా. నేను చూడాల్సింది చూశాను. కొత్త ఏడాది దీపాల పండగ మర్నాడు తాళం తియ్యి. ఇక క్లాసు నీది." ఆమె నీళ్ళు నిండిన కళ్ళతో వంగి దణ్ణం పెడితే, "ముందు తలుపుకి నోటీసు అంటించు, లేకపోతే ఎవరూ రారు" అని లోపలికి వెళ్ళిపోయారు.

నోటీసంటే అరచేతి వెడల్పు కాగితం, చిన్న అక్షరాలు. సన్న కుంచె తీసుకున్నాను. పొద్దున్నుంచీ గాలిలో ఉన్న చెయ్యి ఇప్పుడు నిజంగానే వణుకుతోంది. చిన్న అక్షరాలకి మణికట్టు కింద దిండు కావాలి. నది మీంచి గాలి వీస్తోంది, బరువురాళ్ళు లేవు, నా ఎడమచెయ్యి కాగితాన్ని పట్టుకునే ఉంది.

లాన్ బల్ల చుట్టూ తిరిగి నా పక్కకి వచ్చింది. ఆమె ఎడమచెయ్యి బల్ల మీద బోర్లా పెట్టింది, సరిగ్గా నా మణికట్టు కింద.

"ఈ ఒక్కటీ ఆనించి రాయి" అంది.

అన్నాళ్ళలో మొదటిసారి నన్ను నువ్వు అంది. ఆమె చెయ్యి చల్లగా ఉంది. దాని మీద నా చెయ్యి వణుకు మానేసింది. క్లాసు పేరు, తేదీ, టీచరు పేరు రాశాను. ఆమె పేరులో ప్రతి గీతా ఎంత నెమ్మదిగా రాయొచ్చో అంత నెమ్మదిగా రాశాను. నా బతుకులో అంత మంచి అక్షరాలు ఎప్పుడూ రాయలేదు. వాచీల పని చేసేవాణ్ణి, వెంట్రుకవాసి తేడా ఉన్నా నాకు తెలుస్తుంది.

లాన్ తల వంచి చాలాసేపు చూసింది.

"బాగా రాలేదు" అంది.

"ఎక్కడ?"

"ఎక్కడో. నాకే సరిగ్గా తెలియడం లేదు." ఆమె చెయ్యి కదల్లేదు. "ఇంకో కాగితం తీసుకో, మళ్ళీ మొదట్నించి రాయి."

గుమ్మంలో నిలబడ్డ పెంగ్ అత్తయ్య ఆ నోటీసు చూసింది, ఆమె చెయ్యి చూసింది, నన్ను చూసింది.

"అయ్యో రామచిలకా, జబ్బు టీచరమ్మకి కూడా అంటుకుంది" అంటూ కొత్త కాగితాల కట్ట మొత్తం తెచ్చి బల్ల మీద పెట్టింది.